అడ్డగుట్ట దిగులు, మారేడ్‌పల్లి దిగులు

తూర్పు మారేడ్‌పల్లికీ అడ్డగుట్టకూ మధ్య దూరమెంతో సికింద్రాబాద్ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఆ కాస్త దూరంలోనే దిగులుకు పేరు మారిపోతుంది. ఒకచోట అది డిప్రెషన్, మరొకచోట నరాల బలహీనత.

ఆ రెండో పేరుతో నేనూ చాలా ఏళ్ళు సరిపెట్టుకున్నాను. ఒళ్ళు నొప్పులు, గుండె దడ, కాళ్ళు గుంజడం: బస్తీల నుండి వచ్చే స్త్రీలు చెప్పే బాధలు దాదాపు ఇవే. పరీక్షల్లో ఏమీ తేలకపోతే బి-కాంప్లెక్స్ రాసి పంపేవాణ్ణి. ఒకామె మూడోసారి వచ్చి, "గోళీలు వద్దు సారూ, జెర నిద్రొచ్చేటట్టు చేయుండ్రి" అన్నది. నిద్ర ఎందుకు పట్టడం లేదని అప్పుడు గాని నేను అడగలేదు. వారం వారం కట్టవలసిన అప్పు, తాగి వచ్చే భర్త, ఒకే గదిలో ఆరుగురు. ఏడవడానికైనా చాటు లేని ఇల్లు అది.

"మనోవ్యాధులు కలవారి జబ్బులు" అనే మాట మీరూ వినే ఉంటారు. అది శుద్ధ తప్పు. 2015-16లో నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో (మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు) తక్కువ ఆదాయం గల కుటుంబాలలోనే ఈ బాధలు ఎక్కువగా కనిపించాయి. దిగులు, ఆందోళన వంటి సాధారణ రుగ్మతలున్న నూరుమందిలో సుమారు 85 మందికి చికిత్సే అందడం లేదు.

మారేడ్‌పల్లిలో దుఃఖం లేదనడం లేదు. పిల్లలు అమెరికాలో, తల్లి మూడు గదుల ఇంట్లో ఒంటరిగా! ఆ బాధ చిన్నది కాదు. అయితే ఆమెకు తలుపు వేసుకునే గది ఉన్నది, డాక్టరు ఫీజు ఉన్నది, తీరిక ఉన్నది. కూలికి పోయేవారు గాంధీలోనో ఎర్రగడ్డలోనో ఓపీలో కూర్చుంటే ఆనాటి కూలి పోయినట్టే.

2018 నుండి బస్తీ దవాఖానాలు ఇంటి దగ్గరికే వచ్చాయి. అక్కడ బీపీ చూసే ప్రతివారినీ మరో రెండు ప్రశ్నలు అడగాలని నా అభిప్రాయం: రెండు వారాలుగా మనసు దిగులుగా ఉంటున్నదా? ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? దీనికి నిమిషం చాలు. అప్పు తీర్చే మందు మా దగ్గర లేదు, నిజమే. నిద్ర పట్టించే వైద్యం మాత్రం ఉన్నది.

టెలీ మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ ఇంట పనిచేసే ఆమెకు ఈ నంబరు రాసి ఇవ్వండి. ఆసుపత్రికి పోతానంటే, ఆ పూట జీతం కోయకండి.