సువార్తకు వర్తించని చట్టమా?

ఈ సంచికలో రావలసిన కవిత ఒకటి చివరి నిమిషంలో ఆగిపోయింది. గుంటూరు జిల్లా కుర్రాడు రాశాడు. ఆదివారం పొద్దున్నే వాళ్లమ్మ అట్ట ఊడిన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని, బురదకు చెప్పులు చేత్తో పట్టుకుని కాలవగట్టు మీద నడిచి వెళ్తుంది. అంతే కవిత. ప్రూఫు కూడా దిద్ది పంపాడు. మర్నాడు ఫోన్ చేశాడు. “సార్, అది ఆపేయండి. తమ్ముడి కుల ధ్రువపత్రం మీద ఎవరో అర్జీ పెట్టారు. పేరు మార్చి వేసినా ఊళ్లో గుర్తుపడతారు.”

అమ్మ మీద రాసుకున్న కవిత తమ్ముడి మీద సాక్ష్యమవుతుందని భయపడే రోజులొచ్చాయి. ఆ భయం ఉత్తిది కాదు. కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసును 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. క్రైస్తవం పుచ్చుకున్నవాడికి ఎస్సీ హోదా పోతుంది, ధ్రువపత్రం ఇంకా రద్దు కాకపోయినా ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం అతనికి అండ కాదు అంది. ఈ సూత్రం ఆ కోర్టు కొత్తగా కనిపెట్టింది కాదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలోనే ఉంది, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని. 1956లో సిక్కులను లోపలికి రానిచ్చారు. ఆ ఏడాదే నాగపూర్‌లో అంబేద్కర్ వెంట బౌద్ధం తీసుకున్నవాళ్లు మాత్రం 1990 దాకా గడప బయటే ఉన్నారు. క్రైస్తవులూ ముస్లింలూ ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నారు.

మానవ హక్కుల్లో మతం పాత్ర ఏమిటని సదస్సుల్లో చర్చిస్తూనే ఉంటాం. మతం మనిషికి ధైర్యం ఇస్తే సంతోషమే. కానీ దెబ్బతిన్నవాడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కితే, నువ్వు ఎవరికి మొక్కుతావని అడిగే హక్కు ఏ రాజ్యానికీ లేదు. అడగాల్సింది కొట్టినవాణ్ని, ఎందుకు కొట్టావని.

1985ను గుర్తు చేసుకుందాం. మద్రాసు పేవ్‌మెంటు మీద చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు, పక్కనున్న హిందూ చర్మకారులకు ఇచ్చినట్టే తనకూ ప్రభుత్వం ఒక బంకు ఇవ్వాలని సుప్రీంకోర్టుకెళ్లాడు. అదే సూసై కేసు. మతం మారాక కూడా కులం బాధలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపాలి, అది చూపలేదంది కోర్టు. ఆ తీర్పుకు రెండు నెలల ముందే ఆ రుజువు కారంచేడులో నెత్తురై పారింది. మాదిగపల్లె తాగేనీళ్ల దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్న కుర్రాణ్ని పై కులంవాళ్లు కొట్టారు. నీళ్లకొచ్చిన ఒక స్త్రీ అడ్డం వెళ్లింది. ఆమె మీదికీ వస్తే బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

బిందె ఎత్తిన ఆమె పేరు సువార్త. ఆ పేరు ఏ గుడి పంచాంగంలోంచీ రాలేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లెవరో అడిగి ఎవరూ గొడ్డలి ఎత్తలేదు. 1989 నాటి అట్రాసిటీ చట్టం వెనక ఆ పల్లె ఏడుపుంది. ఈ రోజు మరో సువార్త నీళ్ల దగ్గర బిందె ఎత్తితే, ఆదివారం ఎక్కడికి వెళ్తావమ్మా అని విచారణ చేస్తారా? ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

క్రైస్తవంలో కులం లేదు కదా అంటారు. గ్రంథంలో లేదు, ఊళ్లో ఉంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో మునిగి లేచినవాళ్లు తిరిగి చేరింది ఏ పల్లెకు? మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు, పెళ్లి ప్రకటనల్లో కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు వేరు. ఇందుకు సంఘపెద్దలు సిగ్గుపడాలి. మన రాష్ట్రాల జాబితాలే చూడండి: క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలనూ వాళ్ల సంతానాన్నీ బీసీ-సిలో పెట్టారు. కులం పోయిందని ఒక కాగితం, ఫలానా కులం నుంచి వచ్చావని, నీ పిల్లలూ ఆ లెక్కేనని మరో కాగితం. రెండూ ప్రభుత్వానివే.

కవి జాషువాకూ ఈ రెండు దెబ్బలూ తప్పలేదు: ఇటు పండితులు కులం చూసి వెలివేశారు, అటు క్రైస్తవ పెద్దలు హిందూ కావ్యాలు రాస్తాడని వెలివేశారు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని గబ్బిలంతోనే శివుడికి కబురు పంపిన కవి, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్నాడు. ఏటా సెప్టెంబరు 28న ఆయన బొమ్మకు దండవేసి విశ్వనరుడంటూ ఉపన్యసించే వేదికల్లో ఎన్ని 1950 ఉత్తర్వులోని ఆ మూడో పేరా మీద ఒక్క తీర్మానం చేశాయి? ఆంధ్రప్రదేశ్ శాసనసభే 2023 మార్చిలో దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానించింది. రచయితల సంఘాలకు ఆ మాత్రం నోరు లేదా?

ఆ కుర్రాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు. ప్రూఫు కాగితం చింపేశారా సార్ అని అడిగాడు. చింపేశామని చెప్పాం. చింపలేదు.