చలామణికి రాని వెండి నాణెము

పోలెండు కేంద్రబ్యాంకు కొన్ని యేండ్లుగా బంగారమును విరివిగా కొనుచున్నది. 2024 చివరకు దాని నిలువ 400 టన్నులను దాటినది. 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినను, ఆ దేశము యూరోను స్వీకరింపక తన జ్లోటీనే నిలుపుకొన్నది. ద్రవ్యముపట్ల ఇంత జాగ్రత్త యేల? సుమారు నూరేండ్లనాటి యొక వెండి నాణెము కొంత సమాధానము చెప్పగలదు.

123 సంవత్సరముల పరపాలన పిదప 1918లో పోలెండు స్వతంత్రమయ్యెను. ఆదాయము చాలని క్రొత్త ప్రభుత్వము నోట్ల ముద్రణకు దిగెను. 1923 నాటికి పోలిష్ మార్కు చిత్తుకాగితమయ్యెను. ప్రధానమంత్రి వ్లాదిస్లావ్ గ్రాబ్‌స్కీ 1924లో జ్లోటీని ప్రవేశపెట్టి, 18 లక్షల మార్కులకు ఒక జ్లోటీ చొప్పున మార్పించెను. దాని విలువ ఒక బంగారు ఫ్రాంకు.

1921 మార్చిలో ఆమోదింపబడిన రాజ్యాంగమునకు స్మారకముగా 1925లో 5 జ్లోటీల నాణెమొకటి సిద్ధమయ్యెను. బరువు 25 గ్రాములు. నూటికి 90 పాళ్లు వెండి. ప్రసిద్ధమైన 5 ఫ్రాంకుల నాణెమునకు ఇది సరితూకము. కాని ఆ యేడే జర్మనీతో సుంకముల పోరు మొదలయ్యెను, జ్లోటీ పడిపోయెను, నవంబరులో గ్రాబ్‌స్కీ రాజీనామా చేసెను. అంత వెండిని 5 జ్లోటీలకు ప్రజల చేతిలో పెట్టుట ఖజానాకు తగని పనియయ్యెను. నాణెము బజారునకు రాక, కొలది ప్రతులతో నమూనాగానే మిగిలెను. నేడు సేకర్తలకు అది అపురూప వస్తువు.

1928లో వెలువడిన 5 జ్లోటీల నాణెము బరువు 18 గ్రాములు, వెండి నూటికి 75 పాళ్లు. 1932లో బరువు 11 గ్రాములే. అనగా శుద్ధమైన వెండి 22.5 గ్రాముల నుండి 8.25 గ్రాములకు తగ్గెను. అయినను 1927లో విదేశీ ఋణము తోడుగా స్థిరపడిన జ్లోటీ పిమ్మట చలింపలేదు. నమ్మకము లోహములో లేదని, లెక్కలు సరిచూచుకొను ప్రభుత్వములో ఉన్నదని దీనివలన తేలుచున్నది.

ఆ స్థైర్యమునకు వెల లేకపోలేదు. ఆర్థికమాంద్యములో 1936 వరకు బంగారపు విలువను పట్టుకొని వ్రేలాడుటచే ధరలు కూలి రైతులు నలిగిరి. ఇక నాణెము స్మరించిన రాజ్యాంగమో? 1926 మే నెలలో పిల్‌సుద్‌స్కీ సైనికబలముతో అధికారమును చేజిక్కించుకొనెను. ఆగస్టులో దానిని సవరించిరి. 1935లో వేరొకటి దాని స్థానమున వచ్చెను.

రాజ్యాంగమును వెండిపై చెక్కుట సులభము, ఆచరణలో నిలుపుట కష్టము. నేటి బంగారపు నిలువలకును ఇదే వర్తించును: అవి ఆపదలో ఆసరా కాగలవు గాని, సత్పరిపాలనకు బదులు కాజాలవు. చరిత్ర బోధించు ఉపాధ్యాయులు ఈ చిన్న నాణెమును విద్యార్థుల యెదుట నుంచిన, ఒక దేశపు కథ యంతయు దానిలో కనుపించును.