మోరంచవాగు ఒడ్డున కర్బన పద్దు

వాతావరణ మార్పుకు బాధ్యులెవరన్న వాదన మూడు దశాబ్దాలకు పైగా దేశాల పేరిటే సాగుతోంది. 1992లో రియో డి జనీరోలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దీనిని 'ఉమ్మడివే అయినా తారతమ్యం గల బాధ్యతలు' అన్న సూత్రంగా చెప్పింది. భూగోళాన్ని కాపాడుకోవలసిన పని అందరిదీ అయినా, ముందుగా పొగ వదిలి ముందుగా సంపన్నమైన దేశాలే ఎక్కువ బరువు మోయాలని దాని అర్థం. ఈ సూత్రం వెనుక భారతీయుల ఆలోచన గట్టిగానే ఉంది. అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో వెలువరించిన చిన్న పుస్తకం, బతకడానికి తప్పనిసరైన ఉద్గారాలనూ విలాసానికి వెలువడే ఉద్గారాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయమని వాదించింది. ఆ వాదనను భారత్ అంతర్జాతీయ వేదికలపై నేటికీ వినిపిస్తోంది, వినిపించాలి కూడా. అయితే ఆ తారతమ్య సూత్రం దేశ సరిహద్దు దాకా వచ్చి అక్కడే ఎందుకు ఆగిపోతోందన్న ప్రశ్న, తెలంగాణలో పరకాల నుంచి భూపాలపల్లికి వెళ్లే దారిలో తప్పించుకోలేనంత దగ్గరగా ఎదురవుతుంది.

ముందుగా దేశాల లెక్క చూడాలి. కార్బన్ డయాక్సైడ్ ఒకసారి గాలిలో చేరాక అందులో గణనీయమైన భాగం శతాబ్దాల పాటు నిలిచి ఉంటుంది కనుక, ఈ ఏడాది ఎవరెంత వదిలారన్నదానికన్నా పారిశ్రామిక విప్లవం నాటి నుంచి ఎవరెంత పోగు చేశారన్నదే అసలు పద్దు. ఆ పద్దులో అమెరికా వాటా దాదాపు పావు వంతు, ఐరోపా సమాఖ్యది సుమారు 17 శాతం కాగా, ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా ఉన్న భారత్ వాటా మూడు, నాలుగు శాతాల మధ్యే ఉంటుంది. తలసరి లెక్కలోనూ భారతీయుడు ఏటా వదిలేది రెండు టన్నుల చిల్లర, అమెరికన్ వదిలేది 14 టన్నుల పైమాటే. అయినా అమెరికా 2001లో క్యోటో ఒప్పందాన్ని కాదంది, పారిస్ ఒప్పందంలో చేరి, వైదొలగి, మళ్లీ చేరి, 2025 జనవరిలో మళ్లీ వైదొలగుతున్నట్టు ప్రకటించింది. సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగన్‌లో మాటిచ్చిన ఏటా పదివేల కోట్ల డాలర్ల సాయం, గడువు దాటాక గానీ సమకూరలేదు. భారత్ ఈ విషయంలో నిష్ఠూరంగా మాట్లాడితే తప్పు పట్టవలసిందేమీ లేదు.

దేశాల లెక్కలో మరో లొసుగు ఉంది. అది పరకాల నియోజకవర్గంలోనే కనిపిస్తుంది. గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో, ప్రధానంగా అమెరికా విపణికి పసిపిల్లల దుస్తులు పంపే కేరళ సంస్థ కైటెక్స్ కర్మాగారం పెట్టింది. అలా ఎగుమతయ్యే బట్టకు కరెంటు బొగ్గు నుంచి వస్తే, ఆ పొగ భారత్ ఖాతాలోనే పడుతుంది. చొక్కా మాత్రం అట్లాంటిక్ అవతల ఒక పాప ఒంటి మీద ఉంటుంది. ఉద్గారాలను వాడకందారు ఖాతాలో కాక తయారీదారు ఖాతాలో రాయడం ఒడంబడిక పద్ధతి కావడంతో, ఫ్యాక్టరీని మరో దేశానికి తరలించిన ప్రతి సంపన్న దేశమూ కాగితం మీద కొంత శుభ్రపడుతుంది.

అదే పరకాల నుంచి ఉత్తరంగా, కాళేశ్వరం వైపు పోయే జాతీయ రహదారి బొగ్గు సీమలోకి తీసుకుపోతుంది. గణపురం మండలం చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. మొత్తం 1,100 మెగావాట్లు ఏడాదంతా ముప్పాతిక సామర్థ్యంతో నడిచాయనుకుంటే సుమారు 720 కోట్ల యూనిట్ల కరెంటు పుడుతుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక, ఒక్క ఈ పొగగొట్టాల నుంచే ఏటా 70 లక్షల టన్నులు గాలిలో కలుస్తాయి. ఆ కరెంటులో ఒక పాయ పరకాల చెలకల్లో మోటార్లను తిప్పుతుంది, మరో పాయ హైదరాబాద్‌లో అద్దాల భవనాలను చల్లబరుస్తుంది. తలసరి లెక్కకు ఈ రెండు పాయల తేడా తెలియదు.

ఈ దారినే, భూపాలపల్లి మండలంలో మోరంచపల్లి ఉంది. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు ఆ ఊరిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరు కొట్టుకుపోయారు. ఆ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. రాష్ట్రంలో అంతకుముందెన్నడూ ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. ఏడాది పొడుగునా పడవలసిన వానలో దాదాపు సగం ఒక్క పగలూ రాత్రీ కలిపి పడిందన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చెల్పూరు పొగే మోరంచపల్లిని ముంచిందని చెప్పడం అశాస్త్రీయం. కార్బన్ డయాక్సైడ్ పుట్టిన చోట ఆగదు, భూగోళమంతటా కలిసిపోతుంది, కాబట్టి ఆ వరదలో చెల్పూరు పొగ ఎంత ఉందో పెన్సిల్వేనియా పొగ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. విజ్ఞానశాస్త్రం చెప్పేది వేరు: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, పట్టుకున్నదంతా ఒక్కసారి కుమ్మరించే అవకాశమూ పెరుగుతుంది. పొగతో వచ్చిన కరెంటు రాష్ట్రమంతా పంచుకుంది, దుర్భర వర్షాల ముప్పు మాత్రం వాగు ఒడ్డున ఉన్నవారికి ఎక్కువగా దక్కుతోంది. దేశాల మధ్య ఇలాంటి అసమానతకే భారత్ 'నష్టపరిహారం' అడుగుతోంది. 2022లో షర్మ్ ఎల్ షేక్ సదస్సు నష్ట నిధికి అంగీకరించినప్పుడు వర్ధమాన దేశాలు దానిని విజయంగా జరుపుకున్నాయి.

మరి ఆ పరిహారం మోరంచ ఒడ్డుకు ఏ రూపంలో అందుతుంది? విపత్తు సహాయ నిధి నిబంధనల రూపంలో. ఆ నిబంధనల ప్రకారం వర్షాధార పంట దెబ్బతింటే హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి పారుదల పంటకు 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. పొలంలో మూడు అంగుళాలకు మించి ఇసుక మేట వేస్తే దానిని తొలగించడానికి హెక్టారుకు 18,000. ట్రాక్టర్లు, జేసీబీల కిరాయిలు తెలిసిన రైతుకు ఈ అంకె ఎంత దూరం వస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు. పేరులోనే తేడా ఉంది: పరిహారం హక్కు, సహాయం దయ. పైగా విపత్తు రూపంలో రాని నష్టాలు ఈ పట్టికలకు అసలే అందవు. పత్తి తీతల కాలంలో అకాల వర్షం పడితే కాటన్ కార్పొరేషన్ కొనుగోలు కేంద్రంలో తేమను కొలిచే చిన్న యంత్రమే తీర్పు చెబుతుంది. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, ఆపైన ప్రతి శాతానికీ కోత, 12 దాటితే కొనుగోలే లేదు. వాతావరణ మార్పు పరకాల రైతుకు అర్థమయ్యేది ఆ కోత చీటీలోనే. అది ఏ దేశపు ఉద్గార నివేదికలోనూ చేరదు.

డబ్బు లేదన్న మాట ఈ విషయంలో నిలవదు. 2010 జూలై నుంచి కేంద్రం టన్ను బొగ్గుపై 50 రూపాయల 'శుద్ధ ఇంధన సెస్సు' వసూలు చేయడం మొదలుపెట్టింది. ఎవరు పొగ పెడితే వారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని భారత్ తన ఇంట్లో అమలు చేసిన అరుదైన సందర్భమది. సెస్సు 100కు, 200కు పెరిగి, 2016 నాటికి 400కు చేరింది. తెలంగాణలోని బొగ్గు సంస్థ సింగరేణి ఏటా తవ్వే సుమారు 7 కోట్ల టన్నులకు లెక్కిస్తే అది 2,800 కోట్ల రూపాయలు. కానీ 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ సెస్సును రాష్ట్రాల ఆదాయ లోటు పూడ్చే పరిహార సెస్సులో కలిపేశారు. ఈ కథలో 'పరిహారం' అన్న మాట ఒక్కసారి కనిపించింది; అదీ వరద బాధితులకు కాదు, ఖజానాలకు. పేదల పేరు చెప్పి అంతర్జాతీయ వేదికపై నిధి అడిగే దేశం, తన చేతిలో ఉన్న నిధిని పేరు మార్చి వేరే పనికి వాడుకోవడాన్ని ప్రత్యర్థులు ఎత్తిచూపకపోవడం అదృష్టమనే చెప్పాలి.

దీనికి సహేతుకమైన అభ్యంతరం ఒకటుంది. ఇంట్లో లెక్కలు తీస్తే బయట వాదన బలహీనపడుతుందని, బొగ్గును తప్పుపడితే భూపాలపల్లి, రామగుండం, కొత్తగూడెం కార్మికుల ఉపాధి పోతుందని కొందరంటారు. రెండో భయం నిజమైనదే. బొగ్గు మీద నిలబడిన పట్టణాలకు ప్రత్యామ్నాయం చూపకుండా గనులు మూయడం ఇంకో అన్యాయం అవుతుంది. మొదటి భయానికి మాత్రం ఆధారం లేదు. 2030 నాటికి జీడీపీలో ప్రతి రూపాయికి వెలువడే ఉద్గారాలను, అంటే ఉద్గార తీవ్రతను, 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామని, 2070 నాటికి నికర ఉద్గారాలను శూన్యం చేస్తామని భారత్ ఇప్పటికే ప్రకటించింది. ఆ భారాన్ని ఇంట్లో ఎవరు ఎంత మోయాలో తేల్చకుండా ఈ లక్ష్యాలు చేరడం సాధ్యం కాదు. తేల్చకపోతే అది తేలికగా గొంతు లేనివారి మీదికే జారుతుంది.

న్యాయస్థానాలు ఈ దిశగా కొంత ముందుకు కదిలాయి. బట్టమేక పిట్ట సంరక్షణకు సంబంధించిన రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు 2024 మార్చి 21న, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణల కిందికి వచ్చే హక్కేనని చెప్పింది. 2025 జూలై 23న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా, వాతావరణాన్ని కాపాడే బాధ్యతను ఉల్లంఘించిన దేశం పరిహారానికి బాధ్యురాలు కావచ్చని సలహాపూర్వక అభిప్రాయం వెలువరించింది. రెండూ కలిపి చదివితే బాధ్యత అమెరికా నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు కూడా వస్తుంది.

హైదరాబాద్ పేరు ఊరికే రాలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గుపై పరిహార సెస్సు రద్దయి, జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. తెలంగాణలో తవ్వి తెలంగాణలోనే కాల్చే బొగ్గుపై ఆ 18 శాతంలో సగం రాష్ట్ర జీఎస్టీగా నేరుగా రాష్ట్ర ఖజానాకే చేరుతుంది. సెస్సు ఢిల్లీకి పోతోందన్న పాత సాకు ఇక చెల్లదు. చెల్పూరు పొయ్యిలో కాలే ప్రతి టన్నుకూ హైదరాబాద్‌కు ఇప్పుడు కొంత సొమ్ము వస్తుంది. అందులో మోరంచవాగు కట్టకు, ఊళ్లు మునగకముందే కూత పెట్టే సైరన్‌కు, తేమ శాతం పేరిట కోతపడిన పత్తికి, ఇసుక మేట వేసిన పొలానికి ఎంత కేటాయించాలన్నది వచ్చే బడ్జెట్‌లో ఒక పద్దుగా రాయడానికి పారిస్ ఒప్పందం అడ్డు రాదు, వాషింగ్టన్ అనుమతీ అక్కరలేదు.