అక్షరములు వచ్చెను, చదువు రాలేదు

బనగానపల్లె యనగానే ఆంధ్రులకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమలోనే నాపరాతి గనులును ఉన్నవి. రాయి తీసియు, బండలు మోసియు కూలితో కాలము గడుపు కుటుంబములు అచ్చట పెక్కు. వారి బిడ్డలు నేడు బడిలో చేరుచున్నారు. విద్యాహక్కు చట్టము 2010లో అమలులోనికి వచ్చినది. బడిలో మధ్యాహ్నము అన్నమును పెట్టుచున్నారు. బిడ్డలు బడిలో చేరుట అను చిక్కు చాలవరకు తీరినది. చేరినవారికి చదువు వచ్చుచున్నదా అనునదియే మిగిలిన ప్రశ్న.

పల్లెలలో ఇంటింటికిని పోయి పిల్లలచేత చదివించి చూచు ‘అసర్’ నివేదిక దీనికి సమాధానము చెప్పుచున్నది. అయిదవ తరగతిలో నుండి రెండవ తరగతి పాఠమును చదువగలవారు ఆంధ్రప్రదేశములో 2018లో నూటికి సుమారు 59 మంది. 2022లో 36 మంది మాత్రమే. నడుమ కరోనా వలన బడులు మూతపడిన మాట నిజమే. కాని ఆ విపత్తునకు పూర్వమే నూటికి నలువదిమంది చదువలేకుండిరి గదా! కావున దోషమంతయు మహమ్మారిపై మోపుట న్యాయము కాదు.

వ్యాధి పాతది. 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని వీధిబడులను లెక్కించెను. 533 బడులు, 6,641 మంది విద్యార్థులు తేలిరి. బీదతనము వలన తల్లిదండ్రులు చదువు చెప్పింపలేకున్నారనియు, లేతచేతులు పనికి అక్కరకు రాగానే బిడ్డలను పనిలో పెట్టుచున్నారనియు అతడు వ్రాసెను. పద్యములు వల్లించువారికి వాని యర్థము తెలియదని కూడ పేర్కొనెను. రెండువందల యేండ్లు గడచినను ఆ మాటలకు కాలదోషము పట్టలేదు.

ఆదోని, కోసిగి ప్రాంతములనుండి కూలిజనులు నేటికిని మిరపకోతలకు, పత్తి తీతలకు గుంటూరు సీమకు వలసపోవుచున్నారు. వెంట బిడ్డయు పోవును. తిరిగివచ్చునప్పటికి పాఠము ముందుకు సాగిపోయి యుండును. వాడు విడిచిన చోటికి మరలివచ్చి చేయిపట్టుకొని నడిపించువారు లేరు.

భాష మరియొక యడ్డంకి. తండాలోని సుగాలీ బిడ్డ ఇంట లంబాడీ మాటలాడును; బడిలో వానికి తెలియని మాటతోనే అక్షరాభ్యాసము జరుగును. ఈ సంగతిని గిడుగు రామమూర్తి పంతులు ఏనాడో గ్రహించి, పర్లాకిమిడి సీమలో సవరబిడ్డలకు సవరభాషలోనే చదువు చెప్పించిరి.

ఉపాధ్యాయుల అలసత్వమే సర్వానర్థములకు మూలమని కొందరందురు. ఒక్కరే పలుతరగతులను నడపుచు, లెక్కలు, పత్రములు నింపుచు నుండు పంతులును నిందించుట సులభము. అయినను ఉపాధ్యాయుని చేతిలో నున్నవియు కొన్ని కలవు. తరగతియంతయు ఒక్కగొంతుకతో చదివినపుడు రానివాడును వచ్చినవానివలెనే కనిపించును. ఒక్కొక్కరిని పిలిచి, ఎన్నడును చూడని వాక్యమును చూపి చదివించినగాని నిజము బయటపడదు. బయటపడిన పిమ్మట దినమునకు ఒక గంట తరగతి భేదము విడిచి, వచ్చినంతవరకు గుంపులు చేసి చదివింపవలెను. పెద్దపిల్లలు చిన్నవారికి నేర్పు పద్ధతి మన వీధిబడులదే. మదరాసులో దానిని చూచిన ఆండ్రూ బెల్ ఇంగ్లండునకు కొనిపోగా, అచ్చట అది ‘మదరాసు పద్ధతి’ యని ప్రసిద్ధి కెక్కినది.

ప్రభుత్వము చేయవలసినదియు స్పష్టమే. ఒకటి, రెండు తరగతులకు మిక్కిలి అనుభవజ్ఞులను నియమింపవలెను. తండాలకు లంబాడీ తెలిసినవారిని పంపవలెను. వలసపోవువారి బిడ్డలు ఊరనే యుండి చదువుకొనుటకు వసతిగృహములు కోతలకాలమునకు ముందే తెరువవలెను. కళాశాల విద్యార్థులు సెలవులలో తమ యూరిబడి పిల్లలను కూర్చుండబెట్టి కథలు చదివింపవచ్చును.

అయిదవ తరగతి దాటినవానికి చరిత్రయు, శాస్త్రమును పుస్తకములోనుండియే రావలెను. చదువలేని బిడ్డకు ఆ పుస్తకములన్నియు మూసిన తలుపులే. వాడు బడి మానినాడని పదియేండ్లకు విచారించుటకంటె, రెండవ తరగతిలోనే వానిచేత ఒక వాక్యము చదివించి చూచుట మేలు.