చచ్చిన క్రిమి విడిచే విషం

గత వేసవిలో కర్నూలు పాతబస్తీలోని ఒక ఇంటికి పరామర్శకు వెళ్ళాము. విరేచనాలతో నీరసించిన పిల్లవానికి ఉదయం సగం ఎక్కించిన గ్లూకోజు సీసానే సాయంత్రం మళ్ళీ తగిలించారు. గంట గడవకముందే బిడ్డ గజగజ వణికాడు, జ్వరం ఎగబాకింది. "కాచి మూసిన నీళ్ళే కదా బేటా, అందులో పురుగెక్కడిది?" అని నానీమా మమ్మల్ని అడిగారు.

సబబైన ప్రశ్నే. మూత విప్పని సీసాలో బ్రతికిన క్రిమి ఉండదు. సూది గుచ్చి గంటల తరబడి ఉంచిన సీసా మాట వేరు. అందులో చేరిన క్రిములు పెరుగుతాయి, చస్తాయి. చచ్చినా వాటి పీడ వదలదు.

1892లో బెర్లిన్‌లోని కోఖ్ పరిశోధనాలయంలో రిచర్డ్ ఫైఫర్ కలరా క్రిములను వేడితో చంపి గినీపందులకు ఎక్కించగా, ఆ చచ్చిన క్రిములే వాటి ప్రాణం తీశాయి. విషం క్రిమి దేహంలోనే ఇమిడి ఉన్నదని ఆయన గ్రహించారు. దానినే ఎండోటాక్సిన్, అనగా అంతర్విషం అంటారు. అది క్రిమి పైపొరలోని కొవ్వు, చక్కెరల కూర్పని తరువాతివారు తేల్చారు. టైఫాయిడ్ క్రిమికీ ఇటువంటి పొరే ఉన్నది. క్రిమి పగిలితే ఆ తునకలు విడివడతాయి. నెత్తుటిలో అణుమాత్రం చేరినా చలి, జ్వరం పుడతాయి. ఎక్కువైతే రక్తపోటు పడిపోయి ప్రాణానికే ముప్పు. నీటిని మరిగించినా ఇది నశించదు. మందుల కర్మాగారాలలో గాజు సీసాలను దీని కొరకే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచుతారు.

అలాగని కాచిన నీళ్ళు త్రాగడానికి జంకనక్కరలేదు. మన పేగులలో ఇటువంటి క్రిములు కోట్లకొలది ఉన్నాయి, పేగుగోడ వాటి విషాన్ని అడ్డుకుంటుంది. తుంగభద్ర నీరు బురదబారిన రోజుల్లో కాచి చల్లార్చి త్రాగడమే మేలు. చిక్కంతా నేరుగా నెత్తుటిలోకి పోయేదానితోనే.

కనుక నోటితో త్రాగగలిగిన బిడ్డకు సీసా అడగకండి. ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీటిలో కలిపి, కొద్దికొద్దిగా పట్టండి. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా మరణాలను సుమారు 30 శాతం నుండి 4 శాతం లోపునకు దించినది దిలీప్ మహలనబిస్ పట్టించిన ఈ ఉప్పు చక్కెర నీళ్ళే. సీసా ఎక్కనిదే వైద్యం కాదనే భ్రమకు, దాపరికమెందుకు, వైద్యులకన్నా మనమే ఎక్కువ బాధ్యులం. మగతగా పడి ఉన్న బిడ్డను, మూత్రం రాని బిడ్డను మాత్రం తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ సీసాయే ప్రాణదాత. ఎక్కుతుండగా వణుకు పుడితే వెంటనే ఆపించండి, సీసా పారవేయక వైద్యునికి చూపండి.

ఆ పిల్లవాడు రెండు రోజులు పెద్దాసుపత్రిలో ఉండి ఇల్లు చేరాడు. నానీమా పాన్‌దాన్ ప్రక్కన ఇప్పుడు ఓఆర్‌ఎస్ పొట్లాలు కనబడుతున్నాయి.