కరెంటు పనంటే స్తంభం ఎక్కడమేనా?

మన మొహల్లాల్లో కుర్రాడు పదో తరగతికి వస్తే వాలిదైన్‌కి రెండే దారులు కనిపిస్తాయి. ఫీజు కట్టగలిగితే కంప్యూటర్ సైన్స్, లేకపోతే హెల్పర్ వీసా మీద దుబాయి. మధ్యలో ఒక దర్వాజా ఉంది, ఎవరూ తట్టరు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా. ఆపైన ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. సర్కారీ నౌకరీ నోటిఫికేషన్లు రోజూ రావు, నిజమే. కానీ సోలార్, మెట్రో, ఆసుపత్రి, ఫ్యాక్టరీ... ఈ హునర్ అక్కర్లేని చోటేది? గల్ఫ్‌కే వెళ్లనీయండి, హెల్పర్ తన్ఖాకీ ఇంజినీర్ తన్ఖాకీ జమీన్ ఆస్మాన్ ఫరఖ్.

ఉర్దూ మీడియం పిల్లల ఖౌఫ్ వేరు. నేనూ ఆ బడిలోనే కరెంటుని ‘బర్ఖీ రౌ’ అని, రెసిస్టెన్స్‌ని ‘ముజాహమత్’ అని చదివాను. పేరు మారుతుంది, ఓమ్ సూత్రం మారదు. అంగ్రేజీ మాటలు మెల్లగా అవే వస్తాయి, రియాజీ రాకపోతేనే అసలు ముష్కిల్. ట్యూషన్ పైసలు స్పోకెన్ ఇంగ్లీషుకి కాదు, లెక్కలకి పెట్టండి. బేటీలకి కూడా. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూంలో కూర్చునే ఇంజినీర్‌ని స్తంభం ఎక్కమని ఎవరూ అడగరు, భాయిజాన్. పదో తరగతి రిజల్టు దాకా ఆగకండి, పాలిసెట్ ఫారం అంతకుముందే వస్తుంది.