పిల్లల పెడల్ బండికీ రెండు నిమిషాల చెకప్ కావాలి

ఫోన్ కొనాలంటే ఐపీ రేటింగ్ ఎంత, ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారు, బాక్సులో ఛార్జర్ ఉందా అని పది వీడియోలు చూస్తాం. అదే ఇంట్లో మూడేళ్ల బుడ్డోడికి పెడల్ బండి కొనాలంటే రంగు చూసి, హారన్ చూసి ఆర్డర్ పెట్టేస్తాం. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఇంట్లో గ్యాడ్జెట్లన్నీ చూసే మనమే ఆ బండిని కూడా చూడాలి. కొన్న రోజు ఒక్కసారి కాదు, వాడు ఎక్కే ప్రతిసారీ.

ముందు కొనే దగ్గర. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కు కనిపించగానే సరే అనుకోకండి. దాంతోపాటు సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో అది కొడితే లైసెన్స్ ఎవరిదో, ఏ వస్తువుకిచ్చారో తెలుస్తుంది. ఐఎంఈఐ చెక్ చేసే మనకి అదెంత పని?

కానీ ఆ మార్కు మీ ఇంట్లో ఇవాళ వదులైన నట్టు గురించి ఏమీ చెప్పదు. స్క్రూలు బిగించేది మనం, నెలల తరబడి డాబా మీద ఎండలో వదిలేసేదీ మనమే. మన గుంటూరు, ప్రకాశం ఎండలకి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. టెస్టింగ్‌లో పాసైన కోడ్ ప్రొడక్షన్‌లో పడిపోవడం మనకి కొత్త కాదుగా!

మా అక్క కొడుకు బండి ఎక్కేముందు నేను చూసేవి ఇవి. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పుతా. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే ఆ రోజు బండి బయటికి రాదు. మూడు చక్రాలూ పక్కకి ఊపి చూస్తా. సీటు కింద, పెడల్ మొదట్లో పగుళ్లు ఉన్నాయేమో వేలితో తడుముతా. చైన్ ఉన్న మోడల్ అయితే దాని మీద కవర్ ఉండాల్సిందే. వాడి కాలు పెడల్‌కి పూర్తిగా అందాలి, కాళ్లకి బూట్లుండాలి. ఆడపిల్లలైతే చున్నీ, పొడుగు గౌను చక్రంలో పడకుండా చూడాలి. వెనకాల రెండోవాణ్ణి ఎక్కించడం అసలొద్దు.

చాలామందికి తట్టనిది బ్రేకు. ముందు చక్రానికే పెడల్స్ ఉండే మూడు చక్రాల సైకిల్‌కి మామూలుగా విడిగా బ్రేకు ఉండదు. కాళ్లతోనే ఆపాలి. పల్లంలో చక్రం జోరందుకుంటే పెడల్స్ కూడా గిర్రున తిరుగుతాయి, పిల్లాడు కాళ్లు పైకెత్తేస్తాడు. ఇక ఆపేదేముంది? మన ఊళ్లలో ఇంటి ముందు ర్యాంపు, దాని పక్కనే మూత లేని సైడు కాలువ, ఆ తర్వాత రోడ్డు. అందుకే ర్యాంపు మీద బండి వద్దే వద్దు.

మిర్చి కోతల సీజన్‌లో ఇంకో సంగతి. టిక్కీలు నింపుకున్న ట్రాక్టర్లు వీధుల్లో రివర్స్ అవుతుంటాయి. ట్రక్కు వెనక అంత కిందుగా ఉన్న పిల్లాడు డ్రైవర్‌కి కనిపించడు. బండికి పొడవాటి కర్ర కట్టి ఎర్రజెండా పెడితే కొంత నయం. గేటు మూసిన వాకిట్లో తొక్కిస్తే ఇంకా నయం. నల్లరేగడి నేలైతే ఎండాకాలం బీటల్లో బుల్లి చక్రాలు ఇరుక్కుంటాయి, చదునైన చోటు చూడండి.

"మన చిన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూశార్రా?" అంటారు పెద్దాళ్లు. నిజమే. కానీ మన చిన్నప్పటి మట్టి వీధి ఇప్పుడు సిమెంటు రోడ్డయింది, బండ్ల స్పీడూ పెరిగింది. ఫోన్ కింద పడితే డిస్‌ప్లే మార్పించుకోవచ్చు. అందుకే స్క్రీన్ గార్డ్ బుడగల్లేకుండా అంటించేంత ఓపికలో సగం ఆ బుల్లి బండి మీద పెట్టండి చాలు.